రెండెముకల కుక్కలు

ఈమధ్య కుక్కపిల్లల బేరాల్లో ఒక కొత్త భాష తయారైంది. "డబుల్ బోన్ సార్" అంటారు. "హెవీ బోన్, డబుల్ కోట్, షో క్వాలిటీ" అంటారు. ఒక్కో మాటకూ ఒక్కో రేటు. నాకు తెలిసినంతలో ముందుకాలి కింది భాగంలో రెండెముకలు ప్రతి కుక్కకూ ఉంటాయి. మా వీధి చివర బడ్డీకొట్టు దగ్గర పడుకునే ఎర్రకుక్కకూ ఉన్నాయి. ఆ లెక్కన దానికీ ఆ రేటు పలకాలి. ఇక డబుల్ కోటు సంగతి. అసలు ఆల్సేషన్ పుట్టుకే రెండు పొరల బొచ్చుతో. పైన బిరుసు వెంట్రుక, అడుగున మెత్తటి నూగు. అది లేకపోతే లోపం గానీ ఉంటే ఘనత ఎలా అవుతుంది? ఇడ్లీ పెట్టి చట్నీకి వేరే బిల్లు వేసినట్టుంది.

నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఏలూరులో ఇప్పటికీ కొందరు నన్ను కుక్కల మాస్టారనే అంటారు, మొహం మీద కాదు లెండి. మా ఇంట్లో ఆల్సేషన్లు తరాల తరబడి ఉన్నాయి. మధ్యలో కొన్నాళ్ళు గ్రేట్ డేన్లూ ఉన్నాయి. పిల్లల్ని తీశాను, పంచాను, అమ్మాను కూడా. చాదస్తం అనుకుంటే అనుకోండి, ఇప్పుడు జరిగేది చూస్తుంటే నోరు ఊరుకోదు.

మా రోజుల్లో పెద్ద కుక్క దొరకడమే గగనం. బెజవాడ రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండేవి, మంచి ఆల్సేషన్లు వాళ్ళ దగ్గర ఉండేవి. లేదంటే మద్రాసు వెళ్ళాలి. ఒక పిల్ల కావాలని అడిగితే ఆ కాలనీలో డ్రైవరు దొర వెంటనే ఇవ్వలేదు నాకు. ఆదివారం రమ్మన్నాడు. వెళితే మళ్ళీ ఆదివారం రమ్మన్నాడు. తల్లి ముందు కూర్చోబెట్టి, అది నన్ను వాసన చూసి ఏం చేస్తుందో గమనించాడు. పగలు ఇంట్లో ఎవరుంటారు, ప్రహరీ ఎంత ఎత్తు, వండిపెట్టేది ఎవరు, నీ జీతమెంత, అన్నీ అడిగాడు. చివర్న ఒక షరతు పెట్టాడు. పెంచలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకూడదు, తన దగ్గరికే తిరిగి తేవాలి. ఆ షరతు నచ్చి, తర్వాత మా ఇంటి నుంచి వెళ్ళిన ప్రతి పిల్లకూ నేనూ అదే పెట్టాను.

ఇప్పుడో? ఫోన్లో ఫొటో చూస్తారు, ఫోన్లోనే డబ్బు కొడతారు, తెల్లారేసరికి ట్రావెల్స్ బస్సులో అట్టపెట్టె దిగుతుంది. దానికి గాలి కోసం నాలుగు చిల్లులు. లోపల నెల రోజుల పిల్ల. అమ్మినవాడు కొన్నవాణ్ణి చూడలేదు, కొన్నవాడు తల్లిని చూడలేదు. తల్లిని చూడకుండా పెద్ద కుక్కపిల్లను తెచ్చుకోవడం ఏం ధైర్యమో నాకర్థం కాదు. తల్లి బెదురుదైతే పిల్లలకీ ఆ బెదురు వస్తుంది, సగం రక్తంలో, సగం చూసి నేర్చుకోవడంలో. నలభై కేజీల కుక్క బెదిరిందంటే ముందు వాడేది పళ్ళే. అందుకే మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. ఎంత అందగత్తె అయినా సరే, ఇంటివాళ్ళ మీదికి పళ్ళు చూపిన కుక్కకు పిల్లల్ని తీయకూడదు. కాగితం మీద రాసుకున్నది కాదు. తీసినవాడి దగ్గర మళ్ళీ ఎవరూ పిల్ల తీసుకునేవారు కాదు, అంతే.

జత కట్టించడమూ ఇంత తేలిక కాదు. ఆడదాన్నే మగదాని ఇంటికి తీసుకెళ్ళాలి, అది పద్ధతి. తన చోటైతే మగది తడబడదు. ఎదకు వచ్చిన దగ్గర్నుంచి రోజులు లెక్కపెట్టుకుంటూ, రక్తం రంగు పలచబడిందా, వెనక తడితే తోక పక్కకు తీస్తోందా అని చూసి మద్రాసు మెయిలు ఎక్కేవాణ్ణి. రైల్లో కుక్కను మనతో కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ క్లాసు కూపే మొత్తం మన పేరునే ఉండాలి. లేదంటే అది బ్రేకు వ్యానులో కుక్కల పెట్టెలో ప్రయాణం చెయ్యాలి. ఆ రూలు ఇప్పటికీ దాదాపు అదే. డ్రిల్లు మాస్టారి జీతానికి కూపే ఎక్కడిది? ఒంగోలులో దిగి, నెల్లూరులో దిగి, గూడూరులో దిగి, చెంబుతో నీళ్ళు పట్టుకుని బండి చివరికి పరుగెత్తడమే. డ్రిల్లు మాస్టారిని కాబట్టి సరిపోయింది. గ్రేట్ డేన్‌కైతే ఆ పెట్టెలో నడుం చాపే వీలే లేదు. అందుకే దాన్ని ఎప్పుడూ రైలెక్కించలేదు.

ఇవాళ రక్తం తీసి ప్రొజెస్టిరాన్ పరీక్ష చేస్తే ఏ రోజు కట్టించాలో డాక్టరుగారు చెప్పేస్తారు. అది మంచిదే, దాని మీద నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, రోజు తెలిసింది కదాని ప్రతి ఎదకూ కట్టించేవాళ్ళ మీద. 2017లో కేంద్రం కుక్కల పెంపకం మీద నియమాలు తెచ్చింది. పిల్లల్ని తీసి అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, 18 నెలలు నిండని ఆడకుక్కకు కట్టించకూడదు, జన్మలో ఐదు ఈతలకు మించకూడదు, 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. చక్కగా ఉన్నాయి. ఎక్కడ ఉన్నాయంటే కాగితం మీద ఉన్నాయి. ఎవరైనా అమ్మేవాణ్ణి ఆ నమోదు కాగితం చూపించమని అడగండి, మిమ్మల్నే వింతగా చూస్తాడు.

ఎనిమిది వారాలు ఎందుకని అడిగే కుర్రాళ్ళున్నారు. నాలుగో వారం నుంచి పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడతాయి. గట్టిగా కొరికితే రెండోది కీచుమని ఆట మానేస్తుంది. తల్లి అయితే మూతి పట్టి ఒక్కటిస్తుంది. పన్ను ఎంత లోతు దిగితే నొప్పో అక్కడే తెలుస్తుంది. ముప్ఫై రోజులకే విడదీసి తెచ్చుకుని, ఆరు నెలలకు "మాస్టారూ, చేతులు కొరికేస్తోంది" అని నా దగ్గరికి వస్తారు.

ఈత సంగతి చెప్పాలి. ఇక్కడే అసలు తేడా. కట్టించిన 63 రోజులకు అటూ ఇటూగా ఈనుతుంది. ఆఖరి వారం పొద్దునా సాయంత్రమూ ధర్మామీటరు పెట్టేవాళ్ళం. మామూలుగా 101, 102 డిగ్రీలుండే ఒంటివేడి 99కి దిగిందంటే 24 గంటల్లో ఈనుతుందన్నమాట. ఇక ఇంట్లో ఎవరూ నిద్రపోరు. మా పెంకుటింటి వెనక వసారాలో చెక్కపెట్టె, అందులో ఉతికి ఎండేసిన గోనెసంచులు, పైన పాత పేపర్లు. పెట్టె లోపల నాలుగు పక్కలా అడుగునుంచి నాలుగంగుళాల ఎత్తులో వెదురు బొంగులు కట్టేవాణ్ణి. ఎందుకంటే గ్రేట్ డేన్ లాంటి భారీ తల్లి గోడకానుకుని ఒరిగిందంటే వెనక చిక్కిన పిల్ల నలిగిపోతుంది. బొంగుంటే ఆ సందులో బతికిపోతుంది.

మా ఆవిడ పక్కన కూర్చునేది, మరిగించిన దారం, టింక్చర్ అయోడిన్ సీసా, తువ్వాళ్ళు పెట్టుకుని. తల్లి సంచి చింపకపోతే మనం గోటితో చింపాలి, మూతి తుడవాలి, పిల్ల ఏడ్చేదాకా తువ్వాలుతో రుద్దాలి. బొడ్డు ఒక అంగుళం వదిలి ముడెయ్యాలి. ప్రతి పిల్లకూ మావి పడిందో లేదో లెక్క చూసుకోవాలి. పిల్లకూ పిల్లకూ మధ్య తల్లి విశ్రాంతిగా పడుకుంటే ఫరవాలేదు. గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల రాకపోతే డాక్టరుగారి తలుపు తట్టాల్సిందే. ఆ రోజుల్లో ఆయన గేదెల డాక్టరు. పాపం లుంగీ మీదే వచ్చేవారు.

పుట్టిన రెండు వారాలు పిల్లలకు సొంత వేడి నిలవదు. అరవై క్యాండిల్ బల్బు బుట్టకింద వేలాడదీసేవాళ్ళం. కరెంటు పోతే, అది పోవడం ఖాయం, గాజుసీసాల్లో వేడినీళ్ళు పోసి గుడ్డ చుట్టి పిల్లల మధ్య పెట్టడం. చల్లబడిన పిల్లకు పాలు పట్టకూడదని, పడితే అరగక చస్తుందని, ముందు వెచ్చబెట్టాలని మాకు చదువు చెప్పినవాళ్ళెవరూ లేరు. ఒకరినుంచి ఒకరం తెలుసుకున్నాం. మెడకు రంగురంగుల ఊలుదారాలు కట్టి, కిరాణాకొట్టు త్రాసు అరువు తెచ్చి రోజూ తూచి, గోడ మీద బొగ్గుతో రాసేవాణ్ణి. పదిరోజులకు పుట్టిన బరువు రెట్టింపవ్వాలి. పెరగని పిల్లను పట్టుకెళ్ళి పాలు ఎక్కువుండే వెనక రొమ్ములకు పెట్టడం, బలిసిన అన్నని లాగెయ్యడం, ఇది రాత్రీ పగలూ మా పిల్లల డ్యూటీ. మా పెద్దాడు పదో తరగతి పరీక్షలకు ఆ వసారాలోనే చదివాడు.

ఈమధ్య ఒకాయన వసారాలో కెమెరా పెట్టి, మేడమీద ఏసీ గదిలో ఫోనులో చూస్తూ పడుకున్నాడు. నిద్రపట్టింది. తెల్లారి చూస్తే తల్లి కింద రెండు పిల్లలు. కెమెరాలో అంతా రికార్డయిందట. చూపిస్తానన్నాడు, వద్దన్నాను.

తిండి దగ్గరికొస్తే, మా పెరట్లో కుక్కలకు వేరే పొయ్యి. నూకలు, బోటి, గుమ్మడికాయ ముక్కలు, చిటికెడు పసుపు. ఉప్పు వెయ్యరు. ఉల్లిపాయ పొరపాటున కూడా పడకూడదు, కుక్క రక్తాన్ని విరిచేస్తుంది. కసాయి కొట్టువాడు మాకోసం పేగులు విడిగా తీసిపెట్టేవాడు. ఉడికిన దుమ్ములు పెట్టేవాళ్ళం కాదు, పెళుసెక్కి చీలి పేగులో గుచ్చుకుంటాయి. ఇప్పుడంతా సంచుల్లో గింజలు. దాన్నీ నేను తిట్టను, పెద్దజాతి పిల్లలకని కొలిచి చేసినవి మంచివే. కానీ ఆ గింజల మీద కాల్షియం సిరప్ పోస్తున్నారే, దానికి తిడతాను. ఎదిగే పెద్దజాతి పిల్ల ఒంట్లో ఎక్కువైన కాల్షియాన్ని ఆపుకోలేదు, పోసినదల్లా ఎక్కుతుంది. ఎముక అడ్డదిడ్డంగా పెరుగుతుంది, ముంగాళ్ళు విల్లులా వంగుతాయి. అయినా పొయ్యాలి, ఎందుకంటే "డబుల్ బోన్" కదా! పెద్ద కుక్క నిదానంగా ఎదగాలి. ఏడాదికే దూడంత చెయ్యాలనుకుంటే రెండో ఏడు తుంటి పట్టేస్తుంది. ఎక్స్‌రే తీయించి తుంటి కీలు సరిగ్గా ఉన్నదానికే కట్టించడం ఈ కాలంలో వచ్చిన మేలు. మాకా సదుపాయం లేదు, తండ్రీ తాతా ముసలితనంలో మెట్లెక్కాయా లేదా అని వాకబు చేసేవాళ్ళం. ఇప్పుడు సదుపాయం ఉంది, తీయించేవాడు లేడు.

నేల కూడా చూడండి. మా ఇంట్లో పేడ అలికిన మట్టి, వాకిట్లో ఇసుక. పిల్ల గోళ్ళకు పట్టు దొరికేది. ఇప్పుడు అద్దంలాంటి టైల్సు మీద మూడు వారాల పిల్ల లేవబోతే నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోతున్నాయి. కనీసం ఒక చాప పరవండి మహానుభావా అంటే, గచ్చు అందం పోతుందంటారు. మా కుక్కలకు ఏలూరు కాలువలో రోజూ ఈత కొట్టించేవాణ్ణి. ఇప్పుడు కుక్కను ఈదించడానికి టబ్బు పెట్టిన పార్లర్లున్నాయట, గంటకింతని. తిరిగొచ్చేటప్పుడు బొచ్చుకు సెంటు కొట్టి పంపుతారు. మేము గోమార్లు ఏరి కిరసనాయిలు డబ్బాలో వేసేవాళ్ళం, వేళ్ళు కంపు కొట్టేవి. ఇవాళ ఒక మాత్ర వేస్తే నెలల తరబడి గోమారి అంటదు. నిజం చెప్పాలంటే ఆ మాత్ర చూసి నాకు ఈర్ష్యగా ఉంటుంది.

అలాగని అన్నీ మా రోజుల్లోనే బాగుండేవని అనను. డిస్టెంపర్ టీకా కావాలంటే మద్రాసు నుంచి థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసి తేవాలి. దారిలో ఐసు కరిగిందంటే తెచ్చినదంతా దండగ. పార్వో 1978లో ప్రపంచానికి తెలిసింది, ఎనభైల్లో మా గుమ్మాల్లోకీ వచ్చింది. రక్తం కక్కుతూ, రక్తం విరేచనమవుతూ రెండు మూడు రోజుల్లో ఈతంతా తుడిచిపెట్టుకుపోయేది. జామకొమ్మకు సెలైను సీసా కట్టి కూర్చునేవాళ్ళం. ఆ పురుగు మట్టిలో నెలల తరబడి ఉంటుంది. గోనెలు కాల్చి, వసారా అంతా బ్లీచింగ్ పౌడరుతో కడిగి, ఏడాదిపాటు పిల్లల్ని తీసేవాళ్ళం కాదు. ఇక పిచ్చికుక్క కరిస్తే మనిషికి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, గొర్రె మెదడు నుంచి తీసిన మందు. దాన్ని మన దేశంలో ఆపింది 2004 చివర్లో, అంటే నిన్నగాక మొన్న. ఇవాళ భుజానికి చిన్న సూదులు. అలాంటప్పుడు కుక్కకు ఏడాదికొక టీకా వేయించడానికి బద్ధకించేవాణ్ణి ఏమనాలి?

2024 మార్చిలో కేంద్రం 23 జాతుల్ని ప్రమాదకరమని జాబితా వేసి, పెంపకం మానిపించమని రాష్ట్రాలకు రాసింది. రాట్‌వీలర్ ఉంది, కేన్ కోర్సో ఉంది, బోర్‌బోల్ ఉంది. ఏప్రిల్లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. కొట్టెయ్యడం సబబే. కరవడం పేరును బట్టి రాదు. ఆరో అంతస్తు బాల్కనీలో పొద్దస్తమానం గొలుసుతో కట్టేసిన ఏ కుక్కైనా కరుస్తుంది. అయితే కోర్టు తీర్పు రాగానే స్వీట్లు పంచుకున్న పెంపకందార్లను చూసి కూడా నాకు ముచ్చటెయ్యలేదు. ఆ జాబితా దాకా తెచ్చింది ఎవరు?

మన ఎండల్లో హస్కీలు, సెయింట్ బెర్నార్డులు! మే నెల్లో బెజవాడ పెనంలా కాలుతుంటే, మంచుకొండల కుక్కను ఏసీ గదిలో పెట్టి కాపాడుతున్నారు. కరెంటు పోతే ఆ కుక్క గతేమిటి? మా ఆల్సేషన్‌కే మామిడిచెట్టు కింద ఇసుక తడిపి, తడి గోనె కప్పి నానా తంటాలు పడేవాళ్ళం. ఇక్కడే కొల్లేటి పక్కన జోనంగి ఉంది, నున్నటి పొట్టి బొచ్చు, నుదుట ముడతలు, బాతుల మందలు కాసిన కుక్క, మన ఎండకే పుట్టింది. దాన్ని అడిగేవాడు లేడు. 2005లో తపాలాశాఖ మన కుక్కల మీద నాలుగు బిళ్ళలు వేసింది, హిమాలయ గొర్రెలకుక్క, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం. అందులోనూ మనవాడికి చోటు లేకపోయింది.

గ్రేట్ డేన్లు మధ్యలో కొన్నాళ్ళు ఉన్నాయని మొదట్లో చెప్పాను కదా, వాటిని ఎందుకు మానేశామో కూడా చెబుతాను. లోతైన రొమ్మున్న కుక్కకు కడుపు తిరగబడే రోగం ఉంటుంది. ఒకేసారి మెక్కి వెంటనే పరుగెడితే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పొట్ట డప్పులా ఉబ్బి, వాంతి రాక వోకరిస్తూ ఉంటుంది. గంటల్లో ఆపరేషన్ జరగాలి. మా రోజుల్లో మా ఊళ్ళో అది జరిగే పని కాదు. ఉన్నన్నాళ్ళూ తిండి మూడు పూటలకు పంచి, తిన్న గంటసేపు కాపలా కాశాం. ఎనిమిదేళ్ళు బతికితే గొప్ప ఆ జాతికి. పిల్లలు ఏడవలేక మానేద్దామన్నారు, మానేశాం.

ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఒక్క రాణి. మూడేళ్ళది, తుంటి ఎక్స్‌రే బాగుంది, గుణం బంగారం. ఒక ఈత తీద్దామని ఉంది. అడిగేవాళ్ళకు కొదవ లేదు గానీ, నా పాత ప్రశ్నలు వేస్తే జారుకుంటున్నారు. పగలు ఎవరుంటారంటే పనిమనిషి ఉంటుందంటారు. నడిపించేది ఎవరంటే అద్దెకు మనిషి దొరుకుతాడంటారు. పెంచలేకపోతే నాకే తిరిగివ్వాలంటే, "డబ్బిచ్చి కొన్నాక మీకెందుకివ్వాలండీ" అని ఒకాయన నిలదీశాడు. షరతుకు ఒప్పుకుని, రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ వచ్చి, రాణి పక్కన నేలమీద కూర్చున్నది ఒక్క కుర్ర జంట. ఇద్దరూ ఇంటి నుంచే కంప్యూటరు ఉద్యోగం చేస్తారట. పిల్ల రాకముందే రబ్బరు చాపలు కొని హాల్లో పరిచి ఫొటో పంపారు. తీరా చూస్తే వాళ్ళుండేది నాలుగో అంతస్తు అపార్ట్‌మెంటు. అదే నాకు మింగుడు పడటం లేదు.